పెళ్ళికొడుకుకి ఇచ్చిన డ్రా

హనుమయ్య గారు సైకిలుకి స్టాండు కూడా వేయలేదు. మా గేటుకి ఆనించి, కండువాతో మెడ తుడుచుకుంటూ, "నాలుగో పేరు నీదే కృష్ణారావ్" అన్నారు.

పోయిన వారం మనం ఆగింది ఈ మాట కోసమే. మద్రాసులో జరిగే పెద్ద చదరంగం పోటీకి మా విజయవాడ క్లబ్బు నుంచి నలుగురు వెళ్ళాలి. ఆ నలుగురూ ఎవరన్నది క్లబ్బు రేటింగుల పట్టీ తేలుస్తుంది. సెక్రటరీ హనుమయ్య గారు ఆ ఆదివారం పట్టీ కట్టే పనిలో ఉన్నారు. అది తేలేదాకా అన్నం ముట్టనని మా ఆయన గుమ్మంలో కూర్చున్నారు. పెళ్ళయిన మూడో నెలకే నా చేతి వంట చేదయిపోయిందా అని నేను తలుపు వెనక అలిగి నిలబడ్డాను.

ఆ మాట వినగానే నా అలక ఎటు పోయిందో నాకే తెలియదు. హనుమయ్య గారికి నిమ్మాకు వేసిన మజ్జిగ ఇచ్చాను. ఆయన రెండో గ్లాసు అడిగితే అదొక బిరుదులా అనిపించింది. మా క్లబ్బులో మొదటి ఆటగాడు, మా ఆయనకి చిన్నప్పటి నుంచి చదరంగం నేర్పిన గురువు బాలశౌరి మాస్టారు. ఆయన ఒకటో పేరా, రెండో పేరా అని అడిగాను. హనుమయ్య గారు గ్లాసు అడుగుదాకా తాగి, ఎండ దంచేస్తోందని చెప్పి లేచారు. మా ఆయన సాగనంపడానికి వెళ్ళి గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. రైలు టిక్కెట్ల సంగతి మాట్లాడుకుంటున్నారనుకున్నాను.

తర్వాత ఆయన భోంచేశారు. నూజివీడు మామిడి రసాలు రెండు పిండి పోస్తే చొక్కా మీద ఒలకబోసుకున్నారు. ఆ పసుపు మరక ఉతికినా పోదని తెలిసీ నాకు నవ్వొచ్చింది. మద్రాసు వెళ్ళే మనిషి చొక్కా మరక అది. దాన్ని అలాగే ఉంచెయ్యాలనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మధ్యాహ్నం అక్కడే ఆగిపోయినా బాగుండేదనిపిస్తుంది.

ఇంతకీ ఈ రేటింగు అంటే ఏమిటో నాకు లెక్కతో చెప్పమన్నాను. బి.ఎస్సీ.లో మేథ్స్ చదివినదాన్ని, ఊరికే చెబితే ఒప్పుకుంటానా. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో ఆయన వేసి చూపించారు.

మొదట్లో క్లబ్బులో లెక్క వేరుగా ఉండేదట. గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి, ఏడాది చివర కూడిక. ఎవరు ఎక్కువ ఆటలాడితే వాళ్ళే పైన. గవర్నరుపేట బట్టల కొట్టాయన ఒకరు రోజూ సాయంత్రం కొత్తగా నేర్చుకునేవాళ్ళని కూర్చోబెట్టి ఓడించి, ఆ ఏడు క్లబ్బుకే మొదటివాడైపోయాడు. ఎన్నిసార్లు గెలిచామన్నది కాదు, ఎవరి మీద గెలిచామన్నది చూడాలని బాలశౌరి మాస్టారే పట్టుబట్టి లెక్క మార్పించారు. అప్పటికే ప్రపంచ చదరంగ సంఘం అమెరికాలో ఒక ప్రొఫెసరు కట్టిన పద్ధతిని ఒప్పుకుని, పేరున్న ఆటగాళ్ళందరికీ అంకెలు ఇస్తోంది. హనుమయ్య గారు దాన్ని ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి మా క్లబ్బుకి సరిపడా కుదించారు.

లెక్క ఇది. ఇద్దరి అంకెలూ సమానమైతే ఆటలో చెరి సగం రావాలి. ఒకరి అంకె రెండు వందలు ఎక్కువైతే ఆయనకి ఆటకి ముప్పావు రావాలి, అంటే నాలుగాటలకి మూడు పాయింట్లు. అంతటి మనిషి డ్రా చేసుకుంటే వచ్చింది అర. రావలసినదానికి పావు తక్కువ. ఆ పావుని ముప్పై రెండుతో హెచ్చవేస్తే ఎనిమిది. పెద్దాయన అంకెలోంచి ఎనిమిది తీసేసి అవతలి వాడి అంకెకి కలుపుతారు. ఒకరికి పెరిగిందంటే ఇంకొకరికి తగ్గినట్టే. ఇలా ఆటాటకీ అంకె కదులుతూనే ఉంటుంది. ఏ అంకె కూడా ఎవరికీ సొంతం కాదు.

నాకా లెక్క ఎంత ముద్దొచ్చిందో. కాలేజీలో చదివి, పరీక్ష రాసి, మరిచిపోయిన ప్రాబబిలిటీ మా వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. ఫాల్గుణంలో మా పెళ్ళయిందగ్గర్నుంచీ మా ఆయన అంకె పెరుగుతూనే ఉందట. ఇల్లాలి అడుగు మంచిదన్నమాట అన్నాను. ఆయన సుద్దముక్కని అటూ ఇటూ దొర్లించారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

సాయంత్రం మాస్టారింటికి గుణదల వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి రావాలని పట్టుపట్టింది నేనే. రేపెళ్దామన్నారాయన. నేనప్పటికే మంగళగిరి చీర కట్టేసుకున్నాను. చీర కట్టుకున్నాక రేపు అంటే ఎవరు వింటారు. బుట్టలో డజను రసాలు సర్ది, రిక్షా ఎక్కాం. ఇరుకు రిక్షా, భుజం భుజం తగులుతోంది. ఆ సంతోషంలో ఆయన దారిలో ఒక్క ముక్కా మాట్లాడలేదని కూడా నేను గమనించలేదు.

మాస్టారు స్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. ఎడమ కన్ను పోయి రెండేళ్ళయింది. కుడి కంటికీ పొర కమ్ముతోంది. చదరంగం బల్లని ఒళ్ళో పెట్టుకుని, ముఖం దాదాపు దాని మీదకి వంచి చూస్తారు. మేం వెళ్ళేసరికి వరండాలో అలాగే ఉన్నారు. మా ఆయన గొంతు వినగానే బల్ల పక్కన పెట్టేసి, మద్రాసులో ఇడ్లీ బాగుంటుంది, ఓడిపోయినా ఇడ్లీకి అడ్డం లేదు, అని నవ్వారు.

నేను దణ్ణం పెట్టి, మద్రాసులో మా ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకోమనీ, కంగారుపడితే రెండు తిట్టమనీ చెప్పాను.

లోపల్నుంచి మాస్టారి భార్య తెరేసమ్మ గారు వచ్చి నా చేతిలో బుట్ట అందుకున్నారు.

"ఆయన వెళ్ళట్లేదమ్మా. ఐదో పేరు ఆయనది" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

తెరేసమ్మ గారు పళ్ళని ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెడుతున్నారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదావిడ. "మీ పెళ్ళికి మేం చదివించింది స్టీలు కేరేజీ ఒక్కటే అనుకున్నావా అమ్మాయ్" అన్నారు.

"తెరేసా, ఊరుకో" అన్నారు మాస్టారు.

"ఊరుకునే ఉన్నానుగా ఇన్నాళ్ళూ."

ఆవిడ చెప్పింది విన్నాక గానీ నాకు తెలియలేదు. మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పెళ్ళికొడుకుని పెద్దవాళ్ళు ఓడించరు. పదహారు రోజుల పండుగ జరిగేదాకా, ఎంత గెలిచే ఆటైనా, చెయ్యి చాచి డ్రా ఇచ్చేస్తారు. పెళ్ళి కళతో వచ్చినవాడిని మొహం చిన్నబుచ్చి పంపకూడదని ఎవరో పాతకాలం పెద్దమనిషి పెట్టిన మర్యాద. రేటింగులు లేని రోజుల్లో దానికి ఖర్చేమీ లేదు. అందరూ నవ్వుకునేవారు, టీ తాగేవారు, అయిపోయేది. లెక్క మారాక అదే మర్యాదకి వెల వచ్చింది. ఆ సంగతి మిగతా పెద్దలందరికీ తొందరగానే అర్థమైంది. పెళ్ళికొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంటే ఒకాయనకి పంటి నొప్పి వచ్చేది, ఇంకొకాయనకి ఏలూరు బస్సు గుర్తొచ్చేది. ఆ ఏడు క్లబ్బులో ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి. ముగ్గురికీ ఎదురుగా కూర్చుని, ముగ్గురికీ డ్రాలిచ్చింది బాలశౌరి మాస్టారొక్కరే. అందరిలోకీ ఎక్కువ డ్రాలు మా ఆయనకే దక్కాయి. మా చిన్నాన్న గారింట్లో పురుడొచ్చి, మా వాళ్ళు పదహారు రోజుల పండుగని వాయిదా వేశారు కదా. పండుగ జరగనంతకాలం ఆయన పెళ్ళికొడుకే.

నాకు వంటింటి గచ్చు మీద సుద్ద గీతలు కళ్ళ ముందు కనిపించాయి. ఒకరికి పెరిగిందంటే ఇంకొకరికి తగ్గినట్టే. మధ్యాహ్నం ముద్దొచ్చిన లెక్క అదే.

ఆ డ్రాలని లెక్కలోంచి తీసెయ్యమని హనుమయ్య గారిని ఎందుకు అడగలేదని నేను మాస్టారిని అడిగాను.

"ఎలా అడుగుతానమ్మా. ఆడిన ఆట ఆడినట్టే లెక్కలోకి రావాలి, ఎవరి మొహం చూసీ ఏదీ తీసెయ్యకూడదని రాయించింది నేనే. నా దగ్గరికి వచ్చేసరికి మార్చమంటే నవ్వరూ" అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. మద్రాసుకి ప్రపంచ పట్టీలో పేరున్న ఆటగాళ్ళు వస్తున్నారు. వాళ్ళతో ఆడి నెగ్గుకొస్తే మామూలు మనిషికీ ఆ పట్టీలో ఒక అంకె దొరకవచ్చు. జీవితమంతా ఆడిన మాస్టారికి అలాంటివాళ్ళ ఎదుట కూర్చునే అవకాశం ఇదివరకు రాలేదు. వచ్చే ఏటికి ఆయనకి బల్ల మీద గళ్ళు కనిపిస్తాయో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడని తెరేసమ్మ గారు లోపలికి వెళ్తూ అన్నారు.

మాస్టారు నా మనసు తేలిక చెయ్యాలనే అనుకుంటాను, ఆటల గురించి సరదాగా చెప్పడం మొదలుపెట్టారు. ఏ ఆటలో మా ఆయన ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ మెరిశారో అన్నీ ఆయనకి గుర్తే.

"ఆఖరాట ఒక్కటి ఇవ్వడానికి కొంచెం కష్టమనిపించింది సుమా. చెరో ఏనుగూ మిగిలింది, నాకు ఒక బంటు ఎక్కువ. తీరిగ్గా గెలిచే ఆట. అప్పటికే చాలా రోజులైందని 'పండుగ అయిందా కృష్ణా' అని అడిగాను కూడా. 'ఇంకా లేదండీ' అన్నాడు. సరేనని చెయ్యి కలిపాను. మట్టల ఆదివారం అది, మా ఈస్టరుకి ముందు ఆదివారం. గుడి నుంచి తిన్నగా క్లబ్బుకొచ్చాను, మట్ట ఇంకా చేతిలోనే ఉంది."

మా ఆయన లేచి నిలబడ్డారు. చీకటి పడుతోంది, వెళ్దాం అన్నారు. ఇంకా చీకటి పడలేదు.

ఏలూరు కాలవ గట్టు దాకా ఇద్దరం నడిచాం. ఎండాకాలానికి కాలవ కట్టేశారు. అడుగున నెర్రెలిచ్చిన మట్టి, అక్కడక్కడ పచ్చటి మడుగులు. వంతెన మీద ఆగాను. అడక్కుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి, చొక్కా మీద మరకని చూసి నవ్వుకోవచ్చు. పెళ్ళయ్యాక మా ఆయన్ని నేను ఏదీ నిలదీసి అడగలేదు. అంతవరకూ అడగాల్సిన అవసరమే రాలేదు.

"మట్టల ఆదివారం నాటికి నా మెడలో నల్లపూసలున్నాయండీ" అన్నాను.

ఆయన వంతెన పిట్టగోడ పట్టుకున్నారు.

నాకు బాగా గుర్తు. శుక్రవారం ఉయ్యూరులో మా పుట్టింట్లో పండుగ చేశారు. తలంట్లు పోసుకున్నాం. మా మేనత్త సూత్రాలకి నల్లపూసలు గుచ్చింది. శనివారం బెజవాడ వచ్చేశాం. ఆదివారం పొద్దున పిల్లలు మట్టలు పట్టుకుని మా వీధిలోంచి పాడుకుంటూ వెళ్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. కొత్త పూసలు మెడకి గుచ్చుకుంటున్నాయి, అదీ బాగానే ఉంది. ఇదేం పండుగ అని అడిగితే చెప్పి, క్లబ్బుకి వెళ్ళింది ఈయనే.

"ఆటలో ఇరుక్కుపోయి ఉన్నాను" అన్నారు చివరికి. "ఓడిపోతున్నానని తెలుసు. ఆయన ఆ ప్రశ్న అడిగారు. లేదండీ అన్నాను. అనాలని అనుకోలేదు రత్నం. వచ్చేసింది."

"తర్వాతైనా చెప్పచ్చుగా."

"ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాను. ఆయన టీ ఇప్పించి, ఆట బాగా నిలబెట్టావని మెచ్చుకున్నారు. ఇంకేం చెప్పను. ఆ ఒక్క ఆట వల్ల ఇంత అవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు."

నేను మనసులోనే లెక్క వేశాను, వద్దనుకుంటూనే వేశాను. ఆ ఆట నాటికి మాస్టారి అంకె తనకంటే అరవై మాత్రమే ఎక్కువని ఆయనే చెప్పారు. మాస్టారు ఆ ఆట గెలిచి ఉంటే ఆయనకి పదమూడు కలిసేవి, మా ఆయనకి పదమూడు పోయేవి. ఆ తర్వాత మిగతా పెళ్ళికొడుకులకీ డ్రాలిచ్చి మాస్టారు ఇంకా కిందికి దిగారు. ఇవాళ్టి పట్టీలో నాలుగో పేరుకీ ఐదో పేరుకీ ఉన్న తేడా ఏడు.

ఏడు అని పైకే అన్నాను. హనుమయ్య గారు గేటు దగ్గర తనకీ అదే చెప్పారన్నారాయన. అన్నం ముద్ద ఎలా మింగారో తనకే తెలియదన్నారు. రెండు రసాలు పిండి పోశాను కదా, ఒక్కసారి ఆయన మొహం చూసి ఉంటే నాకే తెలిసేది. పళ్ళెం వైపు చూశాను, మరక వైపు చూశాను, మొహం వైపు చూడలేదు.

గట్టు మీద దీపాలు వెలిగాయి. మంచి మనిషి ఒక చిన్న అబద్ధమాడితే, అది చిన్నదిగానే ఉండిపోతుందని అనుకునేదాన్ని నేను. ఆయన కూడా అనుకున్నట్టున్నారు.

పేర్లు రేపు మధ్యాహ్నం టపాలో మద్రాసు వెళ్ళిపోతాయని ఆయనే చెప్పారు. ఈలోగా హనుమయ్య గారికి నిజం చెప్పి, పోటీలోంచి తప్పుకుంటానన్నారు. తప్పుకుంటే ఆ చోటు మాస్టారికి ఇస్తారు, కానీ ఆయన తీసుకోరని నేనన్నాను. దానంగా ఇచ్చిన కుర్చీలో కూర్చునే మనిషైతే ఇవాళ మనతో ఇడ్లీల గురించి మాట్లాడేవారే కాదు.

అప్పుడాయన వంతెన మీదే అటూ ఇటూ నడిచారు. ఆట రద్దు చెయ్యమని అడగకూడదు, అది మాస్టారు ఒప్పుకోరు. కానీ అబద్ధం మీద ఆగిన ఆట పూర్తయినట్టు కాదు. ఆగిన ఆటని ఆగినచోటి నుంచి ఆడటానికి ఏ నియమమూ అడ్డం రాదు. బల్ల మీద ఏ కాయ ఏ గడిలో ఉందో ఇద్దరికీ గుర్తేనన్నారు.

"కానీ నేను చెబితే మాస్టారు నమ్మరు. తన కోసం నా మీద నేనే నింద వేసుకుంటున్నానంటారు. పండుగ ఎప్పుడైందో నువ్వు చెప్పాలి రత్నం. అందరి ముందూ."

క్లబ్బు గదిలోకి ఆడవాళ్ళు రావడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడికి మొదటిసారి వెళ్ళి నేను చెప్పాల్సింది, మా ఆయన అబద్ధమాడారని. చెబుతానన్నాను. ఆడితే ఎలాగూ మాస్టారే గెలుస్తారు కదా, పీడా పోతుందన్నాను.

"ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను" అన్నారు. "తర్వాత ఆ ఆట నన్ను వదల్లేదు. ఆఫీసులో కూర్చున్నా అదే బల్ల. పోయిన వారం దొరికింది. నా రాజుని వెనక్కి తెచ్చుకుని ఆ బంటుకి అడ్డంగా నిలబెడితే ఆయన గెలవలేరు. నిజంగానే డ్రా అవుతుంది. మాస్టారికి ఆ దారి తెలియదు."

అంటే నాలుగో పేరు నాలుగో పేరుగానే ఉండిపోతుంది. ఆ ఎత్తు వేస్తారా అని అడిగాను. ఆయన రిక్షాని పిలిచారు. ఎక్కి కూర్చున్నాక, మా ఇంటి వైపు తిరుగుతుండగా, నా వైపు చూడకుండానే చెప్పారు.

"రేపు పొద్దున క్లబ్బు తలుపులు తీసే వేళకి మనిద్దరం అక్కడుండాలి. దారిలో మాస్టారిని మనతో తీసుకెళ్దాం. ముందు నువ్వు పండుగ సంగతి చెప్పు. తర్వాత మేం ఆడతాం. ఓడిపోవడానికి మాత్రం ఆడను రత్నం. అది ఆయనకి రెండో అబద్ధం చెప్పడమే అవుతుంది."